పెద్ద సేఠ్ పేరున వచ్చిన కాగితం

నా పేరు రాపోలు చంద్రభాగ. భర్త నర్సయ్య, ఇప్పుడు లేరు. ఆధార్ కార్డులో వయసు అరవై తొమ్మిది. కుంభారి కాలనీలో ఉంటాను. మునుపు బీడీలు చుట్టేదాన్ని. ఇప్పుడు అశోక్ చౌక్ దగ్గర దశరథ్ సేఠ్ తువ్వాళ్ల కార్ఖానాలో పార్సిళ్లకు లేబుళ్లు అంటిస్తాను. పోలీసు ఠాణాలో ఈ వాంగ్మూలం మొదలుపెట్టే ముందు ఎస్సై సారు బాగున్నారా అని, ఇది రాస్తున్న సులోచనబాయి మోకాలి నొప్పి తగ్గిందా అని, బయట బెంచీ మీదున్న నా మనుమరాలు మేఘన ఏమైనా తిన్నదా అని అడిగాను. తినలేదన్నారు.

మేఘన అదే కార్ఖానాలో కంప్యూటర్ మీద లేబుళ్లు తీస్తుంది. రోజూ మొదటి లేబుల్ చనిపోయిన పెద్ద సేఠ్, అంటే దశరథ్ సేఠ్ తండ్రి పేరున, కార్ఖానా అడ్రసుతోనే తీయాలి. దాన్ని దేవుడి పటం కింద అంటించాకే గిరాకీల, అంటే సరుకు కొనేవాళ్ల లేబుళ్లు. అది ఆ ఇంటి పద్ధతి.

పోయిన నెల కొత్త కొరియర్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో అడ్రసులన్నీ మళ్లీ కొట్టే పని లేకుండా, పాత లేబుళ్లను ఒకే ఫైలుగా తీయమని దశరథ్ సేఠ్ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

"పెద్ద సేఠ్ పేరు గూడ వస్తది సేఠ్. తీసెయ్యాల్నా?" అని మేఘన అడిగింది.

"మా బాపు పేరు తీస్తవా? ఉండనియ్. ఆయనే ముందు పోవాలె," అన్నాడు.

ఆ ఫైలును తన ఫోనులో వేయించుకుని కొరియర్ మనిషికి తానే పంపాడు. మేఘన పంపలేదు. మేఘన పంపలేదని రెండోసారి కూడా రాయమన్నాను.

మొన్న సోమవారం ఇంకో తువ్వాళ్ల వ్యాపారి ధరల కాగితం పోస్టులో కార్ఖానాకు వచ్చింది. పైన పెద్ద సేఠ్ పేరు. మా గిరాకీలకూ అదే కాగితం పోయిందట.

"ఫైలు తీసింది నీ పిల్లనే గదా చంద్రక్కా. మా గిరాకీల అడ్రసులు వానికి అమ్ముకున్నది గూడ ఆమెనే," అన్నాడు సేఠ్. చేతిలోని లేబుల్ నా వేలికే అంటుకుపోయింది.

"ఆ పేరు ఫైల్ల ఉన్నదని పిల్లకు ఎరుకనా?" అని, సేఠ్ ఫిర్యాదు మీద మమ్మల్ని ఠాణాకు పిలిపించిన సారు అడిగారు. ఎరుకే అంటే దొంగ అంటారేమో, లేదంటే అబద్ధమవుతుందేమో అని భయమేసింది. నీళ్లు తాగి, ఎరుకే అన్నాను.

"చాటుంగ అమ్మేటోళ్లు సేఠ్ చేతికే కాగితం వచ్చే పేరు ఉంచుతరా అవ్వా? పిల్లను తోల్కపో, ముందుగాల ఇంత తినవెట్టు," అన్నారు సారు.

చూసింది, విన్నది తప్ప నేనేమీ కలపలేదు. సులోచనబాయి చదివి వినిపించింది. అంతా నేను చెప్పినట్టే ఉంది.

రాపోలు చంద్రభాగ, ఎడమ బొటనవేలి ముద్ర

ముద్ర వేశాక రాయించినది: ఆ ఫైలు ఎవరి నుంచి ఎవరికి పోయిందో సేఠ్ ఫోనులో, కొరియర్ మనిషి ఫోనులో చూడడానికి సారు కార్ఖానాకు వస్తారు. ఆ రోజు మేఘనను కంప్యూటర్ ముందు ఎప్పటి కుర్చీలోనే కూర్చుని ఉండమన్నారు. సారు వచ్చేది జూన్ పద్దెనిమిది, గురువారం.