నిజాయితీ తాళం

సాయంత్రం వాన పట్టుకుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి టైలరు తన షాపు తాళంచెవి మేనేజరు గారి చేతిలో పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయేవాడే. అక్క టీ బంకులో బల్ల మీద కూర్చుని, జేబులో చెయ్యి పెట్టి దాన్ని తడుముకుంటున్నాడు. రెడీమేడ్ బట్టలొచ్చాక కుట్టుపని చితికిపోయింది. వచ్చేవాళ్ళు జిప్పు మార్చమనో, నడుం వదులు చేయమనో తప్ప రావడం లేదు. అలాంటప్పుడు మేనేజరు గారు వచ్చి, ఈ షాపులో తాళాల ఫ్యాక్టరీ పెడదాం తమ్ముడూ, గది నీది, బుర్ర నాది అన్నాడు. ఆ సంతోషంలో మనవాడికి ఆ పూట అన్నం కూడా సరిగ్గా దిగలేదు.

అక్కకి మాత్రం ఇది ఇష్టం లేదు. నాన్న పోతూ ఇద్దరికీ మిగిల్చినవి ఈ గోడలే. ఇటు పక్క గదిలో ఆవిడ టీ బంకు, అటు పక్క గదిలో తమ్ముడి కుట్టుమిషను. అది కూడా చేజారితే వీడు ఏమైపోతాడని ఆవిడ బెంగ. అలాగని పదిమందిలో తమ్ముణ్ణి చిన్నబుచ్చలేక టీ వడపోస్తూ మామూలుగానే అడిగింది.

"అసలు మీ పాత ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందండీ?"

మేనేజరు గారు గ్లాసు కింద పెట్టాడు. ఆ ఫ్యాక్టరీ పోయి చాలా కాలమైంది గానీ మేనేజరు అన్న పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు, జేబులో పెన్నూ వదల్లేదు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఇక వాన తగ్గినా ఎవరూ కదలరని అందరికీ తెలుసు. రిటైరైన బస్సు కండక్టరు తన స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.

"పెద్ద విశేషం ఏముందమ్మా," అన్నాడు మేనేజరు గారు. "నేనొక తాళంచెవి అరగదీశాను. అంతే."

ఆయన యజమాని అప్పట్లో తన బావమరిదిని తెచ్చి, తయారైన తాళాలు సరిచూసే పనిలో పెట్టాడట. ఆ బావమరిది ఫ్యాను కింద నుంచి లేచిన పాపాన పోలేదు, డబ్బా మూత తెరవకుండానే 'సరిచూడబడినది' అని ముద్ర గుద్ది పంపించేవాడు. అంతలో తాళంచెవులకి పళ్ళు కోసే మిషను పాడైంది. బాగు చేయించాలంటే ఖర్చు. యజమాని ఒక పూటంతా ఆలోచించి, అన్ని తాళాలకీ ఒకటే తాళంచెవి చాలు, ఎవడు తన చెవి తీసుకెళ్ళి పక్కింటి తాళంలో పెట్టి చూస్తాడు, అన్నాడట. అప్పుడు మేనేజరు గారు బల్ల గుద్ది ఇది తప్పని చెప్పాడు. ఆ దెబ్బకి బల్ల మీద గాజు పగిలింది, కింద అంతస్తులో టైపిస్టు మిషను దానంతట అదే రాజీనామా కొట్టేసింది.

"ఎవరి రాజీనామా?" అన్నాడు కండక్టరు.

టైపిస్టుదే, పాపం మంచి పిల్ల, అని మేనేజరు గారు ముందుకు సాగిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకాయన అలిసిపోయి ఇంటికొచ్చి, తాళం తీసి, గిన్నెలో ఉన్నది తిని పడుకున్నాడు. తెల్లారి చూసుకుంటే అది పక్కిల్లు. పక్కింటాయన అప్పటికే వీళ్ళింట్లో పేపరు చదువుతున్నాడు. పుట్టింటి నుంచి తిరిగొచ్చిన ఇద్దరి ఆడవాళ్ళకీ తేడా తెలియలేదట, మగాడు ఇంటిపనిలో సాయం చేయని ఇళ్ళే కదా రెండూ.

అక్కకి నవ్వొచ్చింది, ఆపుకుంది. టైలరు మాత్రం పడీ పడీ నవ్వాడు. ఎంత బాగా చెబుతాడు ఈయన, ఇలాంటి మనిషి పక్కన పనిచేస్తే చాలు అనుకున్నాడు.

జనం ఫిర్యాదు చేస్తే యజమాని ఏం చేశాడు? డబ్బా రంగు మార్చాడు. మళ్ళీ ఫిర్యాదొస్తే మళ్ళీ రంగు మార్చాడు. చివరికి ఊళ్ళో దొంగలంతా గుంపుగా ఫ్యాక్టరీకొచ్చి, అయ్యా, చిన్నప్పట్నుంచీ కష్టపడి నేర్చుకున్న విద్య, ఇప్పుడు చంటిపిల్లలు కూడా తాళాలు తీసేస్తున్నారు, మేమెలా బతకాలి, అని మేనేజరు గారి భుజం మీద పడి ఏడ్చారు. ఆయన వాళ్ళందరికీ టీ ఇప్పించి ఓదార్చాడు. ఇక జైల్లోనూ ఇవే తాళాలు. ఖైదీలు తమ ఇంటి తాళంచెవితోనే గది తీసుకుని, మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేసి, కాస్త నడుం వాల్చి, జైల్లో తలలు లెక్కపెట్టే వేళకి బుద్ధిగా వచ్చేసేవారు. వాపసొచ్చిన తాళాలు ఫ్యాక్టరీ ముందు కుప్ప పడీ పడీ కొండయ్యాయి. బస్సులు చుట్టూ తిరిగి పోయేవి.

"నేను ఆ రూటులోనే చేశానండీ," అన్నాడు కండక్టరు. "కొండ చూసినట్టు లేదే."

"నువ్వు తలొంచుకుని టిక్కెట్లు కొడుతుంటివి. ఎక్కడ చూస్తావు?"

కండక్టరు కాసేపు ఆలోచించి, అదీ నిజమేనన్నాడు.

అప్పుడు మేనేజరు గారు చొక్కా చేతులు మడిచి ఒక్క ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడట. కళ్ళు మూసుకుని, చప్పుడు వింటూ, ఆ కొండలో ఉన్న తాళాల చెవులన్నిటికీ దేనికది వేరేగా పళ్ళు అరగదీశాడు. ఆ నిప్పురవ్వల వెలుతురుకి సూర్యుడింకా అస్తమించలేదనుకుని గుమాస్తాలు ఇళ్ళకి పోకుండా పనిచేస్తూనే ఉన్నారు. ఆ ఏడాది ఆఫీసుల్లో ఒక్క ఫైలూ మిగల్లేదు.

టైలరు ఉండబట్టలేక, తన షాపు తాళం కూడా ఆ తర్వాత కొన్నదేనని అందరికీ చెప్పాడు. "మీ చేతులతోనే ఇచ్చారు కదండీ."

"నీ తాళంచెవికి జోడీ ఈ భూమ్మీద లేదు తమ్ముడూ," అన్నాడు మేనేజరు గారు. టైలరు గుండె పొంగింది. జేబులోంచి దాన్ని బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోసం అలవాటైన యజమాని ఊరుకుంటాడా, మళ్ళీ పాత పద్ధతే అన్నాడు. దాంతో మేనేజరు గారికి ఒళ్ళు మండింది. ఎవరూ చేయని తాళం ఒకటి చేశాడు. అది చెవిని చూడదు, చేతిని చూస్తుంది. నిజాయితీ ఉన్న చేతికే తెరుచుకుంటుంది. దాన్ని ఫ్యాక్టరీ గేటుకి వేశాడు. పొద్దున్నే యజమాని వచ్చి తిప్పితే కదల్లేదు సరికదా, గుర్రుమంది. బావమరిది తిప్పబోతే వేలు కరిచింది. ఇక జన్మలో మోసం చేయనని యజమాని ఒట్టు పెట్టుకుంటే సగం తిరిగి ఆగిపోయింది, ఒట్టులో సగమే నిజం మరి. అలా పైవాళ్ళలో ఒక్కడూ లోపలికి పోలేకే అంత పెద్ద ఫ్యాక్టరీ మూతపడింది.

"నా ఒక్కడికే తెరుచుకునేది," అన్నాడాయన నెమ్మదిగా. "ఒక్కణ్ణీ లోపల కూర్చుని ఏం చేయను?"

టైలరు కళ్ళు చెమర్చాయి. వాన కూడా కాస్త తగ్గింది. లేచి తాళంచెవి ఇవ్వబోతుంటే అక్క గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఆ తాళం ఇప్పుడెక్కడుందండీ?"

"ఎక్కడో ఎందుకమ్మా, అదిగో, నా పెట్టెకి వేసుంది," అని ఆయన స్కూటరు వెనక కట్టిన ఇనప పెట్టె చూపించాడు.

అక్క తమ్ముడి చేతిలో తాళంచెవి తీసుకుని, స్కూటరు దగ్గరికెళ్ళి, పెట్టె తాళంలో పెట్టి తిప్పింది. టక్కున తెరుచుకుంది. లోపల మేనేజరు గారి క్యారియరూ, తువ్వాలూ ఉన్నాయి. కండక్టరు నోరు తెరిచాడు.

మేనేజరు గారు రెప్ప వేయలేదు. "చూశావా తమ్ముడూ? మీ అక్కది ఎంత నిజాయితీ గల చెయ్యో. నా తాళం అబద్ధం చెప్పదు."

అందరూ చప్పట్లు కొట్టారు. టైలరైతే అక్కని చూసి గర్వంతో పొంగిపోయాడు. అక్క కూడా ఆ జవాబుకి మెచ్చుకోలుగా తలాడించింది. తర్వాత చెయ్యి చాపింది.

"అయితే మీ పెట్టె తాళంచెవి ఒకసారి ఇలా ఇవ్వండి. మా వాడి షాపుది మామూలు తాళమే కదా, దానికి చేతులు చూసే తెలివి లేదు."

ఇంతమంది ముందు లేదనలేక ఆయన ఇచ్చాడు. అక్క నాలుగడుగులు వేసి టైలరు షాపు తాళంలో ఆ చెవి పెట్టింది. బలం కూడా పెట్టలేదు, అది మెత్తగా తిరిగిపోయింది. చీకటి గదిలో కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన ఎవరిదో లాగూ కనిపించాయి.

టైలరు అక్క చేతిలో ఉన్న రెండు చెవుల్నీ తీసుకుని పక్కపక్కన పెట్టి చూశాడు. ఏది తనదో గుర్తు పట్టలేకపోయాడు. మేనేజరు గారు జేబులో పెన్ను సర్దుకున్నాడు.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "తాళంచెవి ఇవ్వాలని తెగ తొందరపడ్డావు. ఇవ్వక్కర్లేదురా, ఆయన దగ్గర ఎప్పట్నుంచో ఉంది."

టైలరు షాపులోకెళ్ళి లైటు వేసి, మిషను ముందు కూర్చుని, ఆ లాగూ సర్దుకున్నాడు. తర్వాత తలెత్తి, కోపం లేకుండానే అన్నాడు.

"మేనేజరు గారూ, రేపు కూడా రండి. మీ మాటలు వినకపోతే నాకు తోచదు. తాళం మాత్రం ఇంకో కంపెనీది కొనుక్కుంటాను."