పైకి చదవండి

ముందుగదిలో బల్ల మీద తెరిచిన ల్యాప్‌టాప్. దాని ముందు భర్త. పక్క కుర్చీలో, ఉద్యోగం మానేసి ఇంటరాక్షన్ డిజైన్ కోర్సులో చేరిన భార్య, ఒళ్ళో నోట్సు పెట్టుకుని.

“అంటే ఇప్పుడు నేను పరీక్ష రాయాలా?”

“మీరు కాదండీ. పరీక్ష నా మెషీన్‌కి. మీరు ఊరికే వాడతారు, నేను చూస్తాను. అంతే.”

“నేను తప్పు చేస్తే?”

“మీరు తప్పు చేయలేరు. వాడేవాళ్ళు తడబడితే తప్పు వాళ్ళది కాదు, తయారు చేసినవాళ్ళది. మా మేడం మొదటి రోజే చెప్పింది.”

“నా తప్పు లేదన్న మాట ఈ ఇంట్లో ఇదే మొదటిసారి వినడం. మీ మేడం చల్లగా ఉండాలి.”

“మరీ సంబరపడకండి. ఈ పరీక్ష అయ్యేదాకే.”

“ఇంతకీ నీ చదువేంటే? ఆఫీసులో పక్కసీటాయన అడిగితే బొమ్మలేస్తుందని చెప్పాను.”

“బొమ్మలా! ఎన్నిసార్లు చెప్పాను? యూజర్ ఎక్స్‌పీరియన్స్ అంటే, ఎక్కడికైనా వెళ్ళాలన్న ఆలోచన మీకు పుట్టినప్పటి నుంచి, తిరిగొచ్చి చెప్పులు విప్పి ‘హమ్మయ్య’ అనుకునేదాకా మొత్తం. ఇంటరాక్షన్ అందులో ఒక ముక్క. మీరొకటి అంటే అదొకటి అంటుంది, దానికి మళ్ళీ మీరొకటి అంటారు. ఆ మాటకి మాట సరిగ్గా అతుకుతోందా లేదా, అదే నేను చదివేది.”

“అర్థమైంది. కాపురం మొత్తం ఎక్స్‌పీరియన్స్. నేను ‘ఏం వండావ్’ అంటే నువ్వు ‘కనబడట్లేదా’ అనడం ఇంటరాక్షన్.”

“వెటకారానికి అన్నా సరిగ్గానే చెప్పారు. ఉండండి, రాసుకుంటాను.”

“రాసుకో, రాసుకో. మీ మేడంకి నా పేరు చెప్పు. సరే, ఏం నొక్కాలి?”

“ఏమీ నొక్కక్కర్లేదు. నోటితో చెప్పండి, అది వింటుంది. జవాబు తెరమీద వస్తుంది. తెరమీద వచ్చింది పైకి చదవాలి. మనసులో ఏమనుకుంటే అది పైకి అనాలి. నేను సాయం చేయను, మాట్లాడను.”

“మనసులో అనుకున్నవన్నీనా? పెళ్ళైన మగాడిని అడగాల్సిన మాటేనా అది?”

“మెషీన్ గురించి అనుకున్నవి చాలు.”

“అమ్మ కనబడదేం?”

“మేడమీద ఆవిడ దగ్గరికెళ్ళారు. మీరు కానివ్వండి. ఉత్తుత్తి ప్రయాణం అడక్కండి, నిజంగా అవసరమైందే అడగండి. టికెట్టేం కొనదులెండి, ఇది నమూనానే.”

“అయితే అమ్మదే అడుగుతా. అన్నయ్య దగ్గరికి వెళ్తానంటోందిగా.”

“మీరంటున్నారు. అత్తయ్య నోటి నుంచి నాకైతే ఒక్క మాట రాలేదు.”

“నీకెందుకు చెబుతుంది? కన్నకొడుకుని, నాతో చెప్పింది.”

“ఇక్కడేం లోటని?”

“మాట్లాడనన్నావుగా! మొదలెడదామా, వద్దా?”

“ఊఁ. కానివ్వండి.”

“వచ్చింది. ‘నమస్కారం. ఎక్కడికి ప్రయాణం?’ మా అన్నయ్య వాళ్ళ ఊరికి. ‘సరే.’ అదేంటే, ఊరి పేరు అడక్కుండానే సరే అంటోంది? మా అన్నయ్య ఊరు దీనికెలా తెలుసు?”

“మన వివరాలన్నీ ముందే ఎక్కించాను. చదవండి.”

“‘ఎవరు వెళ్తున్నారు?’ మా అమ్మ. ఇదేంటి, చుక్కలే వస్తున్నాయి. ఆగిపోయిందా? ఇంకా చుక్కలే. ఇంత చిన్న మాటకి ఇంత ఆలోచనేంటి దీనికి?”

“ఎంతసేపు ఆలోచించాలన్నది కూడా ఇంటరాక్షనే. రాసుకుంటున్నాను.”

“ఆఁ, తేలింది. ‘వయసు?’ అరవై ఎనిమిది. ‘అరవై ఆరు.’ చూశావా, సరిదిద్దుతోంది! ఆడవాళ్ళు తయారు చేస్తే మెషీన్ కూడా వయసు తగ్గిస్తుందన్నమాట.”

“పైకి అనండి కానీ కొంచెం మెల్లిగా అనండి.”

“ఎందుకు, దానికి కోపమొస్తుందా? ‘పోను మాత్రమేనా? రాను కూడానా?’ పోను మాత్రమే.”

“పోను మాత్రమేనా?”

“నువ్వు మాట్లాడకూడదు.”

“సరే.”

“‘ఆవిడే వెళ్తానన్నారా?’ ఆఁ, అమ్మే అంది. ‘ఎప్పుడు?’ మొన్నెప్పుడో. ‘ఎక్కడ?’ వంటింట్లో. కాదు, బాల్కనీలో. ఏమే, ఇది టికెట్టు మెషీనా, పోలీస్ స్టేషనా? మా అమ్మ కూడా ఇన్ని అడగదు!”

“ప్రశ్నలెక్కువయ్యాయి అంటారు. రాసుకుంటున్నాను.”

“‘అన్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంది?’ మొహమా! టికెట్టుకి మొహమెందుకు? బానే ఉంది. సంతోషంగానే ఉంది. మళ్ళీ చుక్కలు. దీనికి చుక్కల జబ్బేదో ఉందే. ఇదుగో, వచ్చింది. ‘మరి కోడలికి...’”

“ఊఁ?”

“ఏదో ఎర్రర్ వచ్చింది. ఆపేద్దాం.”

“ఎర్రరైతే ఎర్రరే చదవండి.”

“అక్షరాలు మరీ చిన్నవి.”

“కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారు.”

“మూసేసి మళ్ళీ తెరుద్దామా? మా ఆఫీసులో అలాగే బాగవుతాయి.”

“మూత మీద చెయ్యి తీయండి. తీయండి ముందు. ఇటు తిప్పండి. ‘మరి కోడలికి నువ్వుండడం ఇబ్బందిగా ఉందమ్మా, తన చదువుకి అడ్డమంటోంది, కొన్నాళ్ళు అన్నయ్య దగ్గరికెళ్ళు అని ఆవిడతో అన్నదెవరు?’ ఏమండీ.”

“మెషీన్లు అన్నది నమ్మకూడదే. వాటికి నోటికెంతొస్తే అంత.”

“అత్తయ్య నా చదువుకి అడ్డమని నేనన్నానా?”

“అనలేదు.”

“నాతోనేమో అత్తయ్యే వెళ్తానన్నారని చెప్పారు. అత్తయ్యతోనేమో నేను పొమ్మన్నానని చెప్పారు.”

“అటు కొంచెం, ఇటు కొంచెం సర్ది చెప్పాను.”

“దాన్ని సర్దడం అనరు. పుల్లలు పెట్టడం అంటారు. ఎందుకు చేశారు?”

“ఎందుకేముంది.”

“పైకి అనండి.”

“నేనొచ్చేసరికి మాట ఆగిపోతోందే. మెట్ల దాకా వినిపిస్తుంటుంది, ఇద్దరూ పడీ పడీ నవ్వుతుంటారు. తలుపు తీసేసరికి గప్‌చిప్. నువ్వు నోట్సు మూసేస్తావు. అమ్మ టీవీ పెడుతుంది. ‘ఏంటి నవ్వుతున్నారు’ అంటే ‘ఏం లేదు’. రోజూ ఏం లేదే. నా ఇంట్లో నేను అద్దెకున్నవాడిలా తయారయ్యాను. మీరిద్దరూ విడిగా ఉంటే నాతో ఎవరో ఒకరు మాట్లాడతారు కదా అని... నిన్నైతే పంపలేనుగా!”

“అందుకని అత్తయ్యని పంపుతారా?”

“కొన్నాళ్ళకే అనుకున్నా.”

“పోను మాత్రమే అన్నారు!”

“మనసులో రాను కూడా అనుకున్నా.”

“మనసులోది పైకి అనాలని చెప్పానా లేదా? అయ్యో, మీతో ఎలా వేగను? మీరొస్తే మేం మాట ఆపేది ఎందుకో తెలుసా? దీని కోసం. ఈ పరీక్ష కోసం. ముందే తెలిసిపోతే మీరు పరీక్షకి పనికిరారని.”

“ఏం తెలిసిపోతే?”

“మెషీన్ లేదండీ.”

“లేకపోతే ఇదేంటి? ఇందాకట్నుంచి నన్ను ఏకేస్తోంది!”

“ఇంకా తయారవలేదు. ముందే తయారు చేసేసి, తర్వాత మాట అతకలేదంటే మొత్తం వృథా. అందుకని ముందు వెనకాల ఒక మనిషిని కూర్చోబెట్టి, మెషీన్‌లా జవాబులిప్పించి చూడాలి. వాడేవాళ్ళకి అయ్యేదాకా చెప్పకూడదు. ఇన్నాళ్ళూ మీరొచ్చేలోపు ఇద్దరం చేసింది ఆ సాధనే. ఒకసారి నేను మీలా నటిస్తాను, ఒకసారి మెషీన్‌లా. నవ్వు రాదా మరి?”

“ఇద్దరం అంటే? నువ్విక్కడున్నావు.”

“ఉన్నాను.”

“అమ్మ మేడమీద ఉంది.”

“పడగ్గదిలో ఉన్నారు. నా పాత ల్యాప్‌టాప్ ముందు. మీరన్న ప్రతి మాటా అక్కడికి వినబడుతోంది.”

“ప్రతి మాటా? సంతోషంగానే ఉంది అన్నది కూడా?”

“అన్నీ.”

“చచ్చాను.”

“ఇంకా చావలేదు, వినండి. పొద్దున అత్తయ్య నాతో ఏమన్నారో తెలుసా? ‘నీ పరీక్షయ్యేదాకా ఉంటానమ్మా, తర్వాత నీకు అడ్డుండను’ అన్నారు. అడ్డేంటి అత్తయ్యా అంటే నవ్వేసి కూరగాయలు తరుక్కున్నారు. నేనే పొమ్మన్నాననుకున్నారండీ. అనుకుని కూడా, నేను గట్టెక్కాలని అక్కడ కూర్చుని ‘నమస్కారం, ఎక్కడికి ప్రయాణం’ అని టైపు కొడుతున్నారు.”

“ఏడవకే.”

“నేనేం ఏడవట్లేదు. మీరు మాట్లాడండి.”

“ఏం మాట్లాడాలో తెలియట్లేదు.”

“ఆ మాటే అనండి.”

“అమ్మా, వినబడుతోందా? నాకేం మాట్లాడాలో తెలియట్లేదమ్మా. నువ్వెక్కడికీ వెళ్ళొద్దు. కోడలు ఏమీ అనలేదు. అంతా నేనే. అమ్మా?”

“చుక్కలొస్తున్నాయి.”

“ఇన్ని చుక్కలెందుకే? అంత పెద్ద తిట్టా?”

“వచ్చింది, చదవండి.”

“నువ్వు చదువు.”

“మీరే చదవాలి.”

“‘నిన్ననే నా అంతట నేనే ఫోన్లో టికెట్టు కొనేసుకున్నానురా, ఇవాళ సాయంత్రం రైలుకి. ఇప్పుడు దాన్ని రద్దు చేయాలంటే ఎక్కడ నొక్కాలో ఎంత వెతికినా కనబడట్లేదు. కోడల్ని తొందరగా ఇటు రమ్మను. నువ్వక్కడే కూర్చో.’”