గోడకి రోకలి చప్పుడు

(గుంటూరులో ఒక ఆస్పత్రి. ఆపరేషన్ గది బయట బెంచీ మీద పక్కపక్క ఇళ్ళవాళ్ళు, ఎలీసమ్మ, కరీమున్. లోపల ఎలీసమ్మ భర్త ప్రేమదాసుకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తీస్తున్నారు.)

“ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న మాట అడుగుతున్నా కరీమూ. నిజం చెప్పు.”

“అడుగక్కా.”

“నా మొగుడికి నిద్రలో ఊపిరి ఆగుద్దని నీకెట్టా తెలుసు?”

“ఇప్పుడా అడిగేది? లోపల అన్నకి కోత పెడుతుంటే?”

“ఇప్పుడే. పొద్దున మత్తు డాక్టరు అడిగింది నన్ను, పెళ్ళాన్ని. ‘గురకుంది గానీ ఊపిరాగదండీ’ అన్నా. టిఫిన్ క్యారియర్ ఇవ్వటానికొచ్చిన దానివి, ‘ఆగుద్ది మేడమ్, చాలాసేపు ఆగుద్ది’ అన్నావు. అందరూ నా మొహమే చూశారు.”

“చెప్పకపోతే ఎట్టాగక్కా? ఆ మత్తు గ్యాసు పీలిస్తే గొంతు వదులైపోద్దంట. అట్టాంటి మనిషికి మత్తు దిగేటప్పుడు కూడా ఊపిరి ఆగొచ్చంట. ముందే తెలిస్తే ఊపిరి గొట్టం తొందరపడి తియ్యరంట.”

“డాక్టరు సంగతి నేనడగలా.”

“గోడక్కా. మన రెండిళ్ళకీ ఒకటే గోడ, అదీ రేకుల దాకా లేదు. గురక వినపడదా?”

“గురక వినపడుద్ది. ఆగటం వినపడుద్దా? నేనే చెప్తా. రాత్రిపూట నీ మొగుడు మిర్చి యార్డుకి బస్తాలు మొయ్యటానికి పోతాడు. నువ్వు రోకలితో గోడకి దబ్బున ఒకటి కొడతావు. వెంటనే ఈయన దగ్గుతాడు.”

“నీకు తెలుసా!”

“చెవుల్లో పత్తి కుక్కుకున్నా మంచం అదురుద్ది కదే! నువ్వు కొట్టటం, ఆయన దగ్గటం. మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటున్నా అదే గుర్తొచ్చేది.”

“ఆగాగు. చెవుల్లో పత్తా? రోజూనా?”

“ఆ గురకకి పత్తి లేకుండా ఎవరు పడుకుంటారు?”

“అయ్యో... నీది మొద్దునిద్రనుకున్నానక్కా, ఇన్నాళ్ళూ.”

“మాట మార్చకు.”

“మార్చట్లా. గురకున్నంతసేపూ భయం లేదు. ఉన్నట్టుండి ఆగుద్ది. ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తదని చూస్తా. రాదు. నాకే ఊపిరాడదు. లేచి ఒక్కటేస్తా. అన్న ఉలిక్కిపడి, దగ్గి, మళ్ళీ మొదలెడతాడు. మా ఆయన ఇంట్లో ఉంటే ఆయనే కొడతాడు, అడుగు పో!”

“ఈయనకి తెలుసా?”

“ఏం తెలుసు? తెల్లారి నన్నే తిట్టేవాడు, అర్ధరాత్రి కారం దంచుతున్నావా అని.”

“మరి నాకెందుకు చెప్పలా?”

“నీ మొగుడి నిద్ర గురించి నేను చెప్తే ఊరుకుంటావా? ఇప్పుడు ఊరుకున్నావా?”

(తలుపు తీసుకుని నర్సు బయటికొచ్చింది.)

“ప్రేమదాసుగారి తాలూకు ఎవరమ్మా? ఆపరేషన్ బాగా అయింది, మెలకువొచ్చింది. మిషను పెట్టి మేమూ చూస్తుంటాం గానీ, రాత్రికి పక్కన ఒకరుండాలి. నిద్రపోతుంటే ఊపిరి కనిపెట్టాలి. ఒక్కరినే పంపిస్తాం.”

“పదండి సిస్టర్, నాకలవాటే...”

“నువ్వు కూర్చో కరీమూ.”

“ఇంకా అనుమానమేనా అక్కా?”

“చెయ్యి పట్టు.”

“ఏంది, కొంగు ముడి విప్పుతున్నావు? ఏందిది... పత్తా?”

“ఆయన ఇంటికొచ్చాక నువ్వు పెట్టుకో. ఇక నుంచి నేను వింటా. నీకు చాలా నిద్ర బాకీ ఉన్నానే.”