తినే కప్పుల ఏజెంటు

లాలాగూడ రైల్వే క్వార్టర్ల ముందు చాయ్ డబ్బా నడిపే పుష్పమ్మ అడిగింది ఒక్కటే ముక్క. "చారన్నా, నీ తినే కప్పుల ఉడుకుడుకు చాయ్ పోస్తే ఎంతసేపు ఆగుతది?"

బ్రహ్మచారి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే ఆమెకు నీరసం వచ్చేసింది.

ఆదివారం చర్చి కూడికలో నాలుగు వందల మందికి చాయ్ పోసే బేరం వచ్చింది. ప్లాస్టిక్ కప్పు గానీ, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కప్పు గానీ కనబడకూడదని సంఘ పెద్ద జీవరాజు షరతు. ఈ పూట ఏ సంగతీ తేలకపోతే బేరం ఎదురు కొట్టువాళ్లకు పోతుంది. తేల్చుకుని పోదామని ఆయన బల్ల మీదే కూర్చున్నాడు. తినే కప్పులకు ఏజెంటునయ్యానని చెప్పుకునే బ్రహ్మచారి తప్ప అడగడానికి ఆమెకు వేరే దిక్కు లేదు.

"ఎంతసేపంటవేంది చెల్లె? మొన్న సైనిక్‌పురిల ఒక కర్నల్ సాబుకు ఇచ్చిన. జొన్నపిండి, బియ్యప్పిండి కలిపి కాల్చిన కప్పు. పావుగంట ఆగింది, ఎన్క సాబు దాన్ని కరకర నమిలిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చాయ్ వద్దు, ఉత్త కప్పే ఇంకోటియ్యి అన్నడు."

"పావుగంట ఖాయమేనా?"

"అది మామూలు కప్పు. నాది స్పెషల్. మౌలాలి గుట్ట మీద పొద్దుగాల పోసిన చాయ్ పొద్దుమూకేదాక చుక్క కారలే, జెర సుత సల్లారలే. అది చూసి రైల్వేవోళ్లు పరేషానై, గూడ్సు డబ్బా నిండ సామానుకు గిట్లాంటి కవరు జెయ్యమన్నరు. చేసి విజయవాడ పంపిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆడ హమాలీలు కవరు తినుడు షురూ జేసిండ్రు, కడుపు నిండేటాలకు సామాను మరిచి ఇండ్లకు పోయిండ్రు. గిప్పుడు ఓడకు సుత తొడుగు జెయ్యమని ఫోన్లొస్తున్నయ్. చేపలు తింటయని నేనే వద్దన్న."

"మంచి పని చేశావు, ఓడ మునిగేది," అన్నాడు జీవరాజు తాపీగా.

పుష్పమ్మకు ఒళ్లు మండింది. ఆ కోతలు వింటూ నిలబడినందుకు పాలు కాస్తా పొంగి పొయ్యి పాలయ్యాయి.

"ఓడ నాకెందుకన్నా? ఒక్క కప్పు చూపెట్టు."

"తెస్తుంటి చెల్లె. దార్ల ఆటోవోడు వాసనకే ఆగలేక తినేసిండు."

ఆమె పళ్లు కొరికింది. "సరే. నాలుగు వందల కప్పులు శుక్రవారమే తెచ్చి ఈ డబ్బాల పెట్టుకోవాలె. ఈడ చక్కెర మూత మరిస్తే నిమిషంల చీమలు బారు కడతయ్. రెండు దినాలు ఎట్ల కాపాడాలె?"

"చీమలా? నా గోదాంల పది లచ్చల కప్పులున్నయ్. ఏడాదాయె. మూత లేదు, మందు లేదు. ఒక్క చీమ ముట్టలే. ఎలుక సుత వాసన చూసి వాపస్ పోయింది. ఒట్టు."

పుష్పమ్మ గరిట పక్కన పెట్టింది. "చీమ సుత ముట్టనిదాన్ని మనుషులు తినాల్నా అన్నా?"

బల్ల మీద చాయ్ తాగుతున్నవాళ్లంతా గొల్లుమన్నారు. బ్రహ్మచారి ఏదో పనుందని గొణుక్కుంటూ లేచిపోయాడు.

"మరి ఆదివారం సంగతేంటమ్మా?" అన్నాడు జీవరాజు.

ఆమెకు నవ్వు రాలేదు. చేతికందిన బేరం జారిపోతుందని దిగులుగానే చెప్పింది. "నా తాన నూటయాభై స్టీలు గ్లాసులున్నయ్ సార్. అంతకంటె లేవు. కడుక్కుంట పోసుకుంట పోతే అందరికి అందుతది గాని, ఆలస్యమైతది."

జీవరాజు లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. "ఇంతసేపు ఇక్కడ విన్న లెక్కల్లో నమ్మబుద్ధేసింది ఆ నూటయాభై ఒక్కటేనమ్మా. గ్లాసులు తీసుకుని నువ్వే రా. కడగడానికి మావాళ్లు ఉంటారు."