అందరూ ఫోనెత్తే లెక్క

వంటింటి బల్లకు ఒక పక్క లాప్‌టాప్‌తో కోడలు. ఎదురుగా చిక్కుళ్ళు ఒలుస్తూ, కోడలి పనిలో వేలు పెట్టకుండా ఉండలేని అత్తగారు.

“అయితే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకి పిలిస్తే ఎంతమంది వస్తారనుకున్నావమ్మాయ్?”

“అందరూ, అత్తయ్యా.”

“అందరూనా! మన అపార్ట్‌మెంటు మెట్లు అందరం కలిసి కడుగుదాం రమ్మంటే నలుగురు కూడా రారు.”

“ఈ పరీక్షల వల్ల ఎంతమంది బతుకుతారో లెక్క కట్టాలంటే ఏదో ఒకటి అనుకోవాలి కదా! రేపు పొద్దున్నే ఆఫీసులో చూపించాలి. దీన్ని బట్టే పరీక్షలకి ఏర్పాట్లు చేస్తారు.”

“అందుకే, కాస్త నమ్మేలా అనుకో. పై అంతస్తు టీచరమ్మ సూదంటేనే పారిపోతుంది.”

“ఇందులో సూది ఉండదు!”

“ఆ సంగతి ఆవిడకెవరు చెప్పారు?”

“సరే బాబూ, పదిమందిలో ఏడుగురు. అయ్యో... బతికేవాళ్ళు ఎంత తగ్గిపోయారో చూడండి!”

“నన్ను చూస్తావేం? నేనేమైనా చంపానా? అదిగో, నీ ఫోను.”

“తెలియని నంబరు. ఇన్సూరెన్సు అమ్మేవాళ్ళే అయ్యుంటారు, పొద్దున్నుంచీ ఒకటే గోల. కట్ చేశా. ఆఁ, ఎక్కడున్నాం?”

“పరీక్షలో ఏదైనా తేడా కనిపించినవాళ్ళ దగ్గర. వాళ్ళకెలా తెలుస్తుంది?”

“ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తారు. వెంటనే వైద్యం. తొందరగా పట్టుకుంటే నయమైపోతుంది.”

“ఎంతమంది ఎత్తుతారు?”

“అందరూ!”

“మళ్ళీ అందరూనా?”

“ఇక్కడ మాత్రం బేరాల్లేవత్తయ్యా. ప్రాణం మీదికొస్తే ఫోనెత్తనివాళ్ళుంటారా ఎక్కడైనా?”

“నాకేం తెలుసు? నన్నడిగితే నేనసలు ఎత్తను. ఆ పచ్చబొత్తామో ఎర్రబొత్తామో చూసుకునేలోపు ఆగిపోతుంది.”

“అవునూ, మీరూ చేయించుకున్నారు కదా ఈ పరీక్ష. పోయిన వారమే అయిపోయిందిగా. ఏమన్నారు?”

“తేడా ఉంటేనే ఫోన్ చేస్తామన్నారు. ఇంతవరకూ రాలేదు. నిశ్చింత.”

“మీరెత్తి ఉండరు! ఏదీ, మీ ఫోనిలా ఇవ్వండి, చూస్తాను.”

“నా ఫోనెందుకు? నేనంత తెలివితక్కువదాన్నా? మా కోడలైతే ఠక్కున ఎత్తుతుందని నీ నంబరే ఇచ్చా.”

“...నా నంబరా?”

“ఏం, అలా అయిపోయావ్? అదిగో, మళ్ళీ ఆ ఇన్సూరెన్సు వాళ్ళే. నువ్వు పని చూసుకో, నేను కట్ చేస్తాలే.”

“వద్దు! అత్తయ్యా, ముట్టుకోవద్దు!”