సూరిబాబు తిరిగొచ్చాక

"అమ్మమ్మా, సూరిబాబు తాతయ్య జైలు నుంచొచ్చాక ఎలా మారారు?"

అదా... జైలే మార్చిందనుకుంటారమ్మా అందరూ. ఏలూరు కోర్టుకి నల్లకోటేసుకుని వెళ్తున్నావు కాబట్టి చెప్తున్నా, విను. వాడు నా తమ్ముడు, నా చేతుల్లో పెరిగాడు. అయినా తప్పు తప్పే. పక్క చేపల చెరువు రంగారావుగారితో గట్టు తగాదా పెట్టుకుని, ఆయన చెరువులో పురుగులమందు కలిపేశాడు. చేపలన్నీ తెల్లగా తేలిపోయాయి. మండవల్లి దాకా కంపు. అప్పట్లో చేప కిలో... ఎంతోలే, గుర్తు లేదు. ఆయన కష్టమంతా నీళ్ళపాలు.

వీణ్ణి పట్టుకెళ్ళేటప్పటికి మా మరదలు సావిత్రి కడుపుతో ఉంది. తిరిగొచ్చేసరికి పిల్లకి మాటలొచ్చేశాయి. వాకిట్లో ఆడుకుంటా వీణ్ణి చూసి, "ఎవరండీ మీరు? మా అమ్మ ఇంట్లో లేదండీ" అందంట. మా ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"అక్కా, నా కూతురు నన్ను అండీ అందక్కా!"

అక్కడితో మారిపోయాడా అంటే... లేదమ్మా. ఎవరూ పనివ్వలేదు. పాత స్నేహితులేమో బండేసుకుని వచ్చేవాళ్ళు. ఓసారి తాగొచ్చాడు కూడా. సావిత్రి గుమ్మంలో నిలబడి, "ఈ వాసనతో లోపలికి రాకండి. పిల్ల ఇప్పుడిప్పుడే నాన్నా అంటోంది" అంది. గట్టిగా కూడా అనలేదు, పాపం.

ఆ మర్నాడే వెళ్ళాడు, రంగారావుగారి దగ్గరికి. నేనూ వెళ్ళా... కాదు కాదు, నేను వీధిలోనే ఆగిపోయా. మాటలు వినబడుతున్నాయి.

"తప్పు చేశానండీ. పనుంటే చెప్పండి, లేదంటే పొమ్మనండి."

ఆయన, "రేపు వల లాగుతున్నాం. వస్తే రా. నాతో మాత్రం మాట్లాడకు" అన్నారు.

వెళ్ళాడు. ఆ చెరువుకేనమ్మా! వీడి పక్కన నిలబడి వల పట్టడానికి ఎవడూ రాలేదు. చివర్న ఒక్కడే పట్టేవాడు. రంగారావుగారు ఏదన్నా చెప్పాలంటే ఇంకొకళ్ళ చేత చెప్పించేవారు. రెండు పంటలో, మూడు పంటలో అలాగే గడిచాయి. స్నేహితులొస్తే "రేపు పనుందిరా" అనేవాడు వీడు, అంతే. చూసి చూసి వాళ్ళే రావడం మానేశారు.

ఓ రోజు ముసురు పట్టింది. మెడలోతు నీళ్ళలో వణికిపోతా లాగుతున్నాడంట. గట్టు మీంచి రంగారావుగారు, "చాల్లే, గట్టెక్కరా సూరీ" అన్నారంట. ఆ తడిబట్టలతోనే నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, పేరు పెట్టి పిలిచారక్కా" అన్నాడు.

క్షమించారా అంటే, ఏమో. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు, వీడూ అడగలేదు...

నీ దగ్గరికీ అలాంటివాళ్ళొస్తారు తల్లీ. ముందు కూర్చోమను. నీ చేతి మీదుగా నలుగురు బాగుపడాలి. చల్లగా ఉండమ్మా... చల్లగా ఉండు.