అద్దం సందులో జీలకర్ర బెల్లం

సూరిబాబని ఉండేవోడు, ఆడి పెళ్లికని ఆళ్ల మావయ్య వీర్రాజు కొత్త కారు కొన్నాడంట. దానికి తాళంచెవి తిప్పక్కర్లేదు, బొత్తాం నొక్కితే చాలు, అదే మాట్లాడుద్ది, అదే తలుపులేసుకుంటది. పెళ్లికూతురు మంగతాయారోళ్లది కాలవ అవతల ఊరు. సరే, పెళ్లికొడుకుని ఎక్కించుకుని బయల్దేరేరు. దారిలో ఏమైందంటే, గట్టు మీద కొబ్బరిబొండాల బండి కనపడింది. అందరూ దిగేరు. సూరిబాబు మాత్రం దిగలేదు, పట్టుపంచె నలిగిపోద్దని. ఇంకేముంది, కారు టక్కుమని తలుపులేసేసుకుంది. అద్దం ఒకటి జానెడు దిగి, అక్కడే బిగుసుకుపోయింది. బొత్తాం నొక్కితే పలకదు. ముందు మూతెత్తి చూస్తే లోపల ఇంకో మూత. కంపెనీకి ఫోన్ చేస్తే, ఏదీ ముట్టుకోకండి, కంప్యూటర్ పట్టుకుని మనిషొస్తాడు, అదేం చెబితే అది చేస్తాడు అన్నారంట. పోనీ అద్దం పగలగొడదామంటే వీర్రాజు అడ్డం పడ్డాడు, పెళ్లిపూట అద్దం పగిలితే అరిష్టంరా అని. లోపల సూరిబాబుకి చెమటలు కారి బాసికం ముక్కు మీదికి జారింది అనుకో. "మావయ్యా, ముహూర్తం ఎల్లిపోతంది" అంటాడు, పాపం, ఏడుపు మొహం పెట్టి.

ఈ కబురు పెళ్లింట్లో తెలిసింది. పెద్దోళ్లంతా తలలు పట్టుకుంటే మంగతాయారు లేచి, ఆయన రాలేకపోతే మనమే ఎల్దాం పదండి అందంట. ఆళ్ల మేనత్త సత్యవేణికి ఓ పాత కారుంది. నలుగురు తోసేరు, కదిలింది. ముందు పెళ్లికూతురు, ఎనకాల పంతులుగారు, ఆయన చేతిలో తమలపాకులో జీలకర్ర బెల్లం. సగం దూరం పోయేసరికి ఫ్యాన్ బెల్టు తెగింది. సత్యవేణి దిగి మూతెత్తింది. పాత కారు కదా, వంటింటి గూట్లో గిన్నెల్లాగ లోపలున్నయ్యన్నీ కనపడతాయి. "పంతులుగారూ, మీ కండువా ఇలా ఇవ్వండి" అంది. ఇది అగ్రహారం నుంచి తెచ్చుకున్నదమ్మా అంటున్నాడాయన, అంటుండగానే అది తాడై, ఇంజను చక్రాలకి చుట్టుకుని, ముడి కూడా పడిపోయింది. దారి పల్లం కదా, కాస్త దొర్లగానే కారు బుర్రుమంది.

గట్టు మీదికొచ్చేసరికి ముహూర్తం నెత్తిమీదుంది. మంగతాయారు అద్దం దగ్గరికెళ్లి, "ఏవండీ, తల ఇటు వంచండి" అంది. ఆడు సందులోంచి చెయ్యి బయటికెట్టేడు, ఈవిడ చెయ్యి లోపలికెట్టింది. పంతులుగారు మంత్రం చదువుతుంటే ఇద్దరి ముక్కులూ అద్దానికి అటూ ఇటూ చపాతీల్లా అతుక్కుపోయేయి. మేళగాళ్లు అక్కడెందుకుంటారు, బొండాలాయనే కత్తి తిరగేసి బండి రేకు మీద వాయించేసేడు. జీలకర్ర బెల్లం పెట్టేసుకున్నారు. అప్పటిదాకా బిగుసుకున్న వీర్రాజు కూడా పగలబడి నవ్వేడంట.

తర్వాత కంప్యూటరాయన వచ్చేడు, తలుపు తెరిచేడు. కారు మాత్రం కదల్లేదు, ఇంకా ఏదో ఆలోచిస్తోందన్నాడు. సరే, పాత కారే ఎక్కుదామంటే దాన్ని తొయ్యాలి కదా. సూరిబాబు పట్టుపంచె ఎగ్గట్టి ఎనకనించి తోస్తుంటే, లోపల మంగతాయారు తిరిగి చూసి కడుపు పట్టుకుని నవ్వడం. తాళి పందిట్లోనే కట్టేడులెండి. ఇప్పుడా ఊళ్లో పిల్లనడగడానికెళ్తే కారుందా అని అడగరు. తోస్తావా నాయనా అంటారు. నవ్వుతారేంటి, మా చిన్నదాన్ని నేనూ అలా అడిగే ఇచ్చేను.